ఒత్తుకి చోటు

బజారులో దొరికే గీతల కాయితం
మన అక్షరాల కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కా.
పైన గుడి తగులుతుంది,
కింద ఒత్తు కిందింటి కప్పులోకి కాలు దించుతుంది.
'రాష్ట్రం' అని రాస్తే చాలు
ట ఒత్తూ, దాన్ని చుట్టుకున్న క్రారవడీ కలిసి
కింది వరస నెత్తినెక్కి కూర్చుంటాయి.

ఇరవై ఆరేళ్లుగా గుణదల సబ్‌స్టేషన్లో
గంటకోసారి మీటర్లు చూసి అంకెలు రాసినవాణ్ని.
లాగ్‌షీటులో అంకెకి గడి ఉంది.
మాటకి, 'రిమార్కులు' అని బొటనవేలంత జాగా.
ఫీడరు మీద కాకి చచ్చిపోయింది,
దాని జతకాకి సాయంత్రందాకా కదల్లేదు:
అందులో మొదటి కాకి వరకే పట్టింది.

అందుకే స్కేలు పట్టుకుని కూర్చున్నా.
గడి నాలుగు మిల్లీమీటర్లు.
కాదు, నాలుగున్నర.
మూడు గళ్లు కలిస్తే ఒక వరస:
పైది గుడికీ తలకట్టుకీ,
నడిమిది అక్షరానికి,
అడుగుది ఒత్తుకి, ఎవరూ అద్దెకి దిగకూడదు.
ఎడమ పక్క ఇరవైనాలుగు మెట్ల నిచ్చెన, గంటల కోసం,
అలవాటు చావదు కనక.
మేనకోడలు హిమజ లాప్‌టాప్‌లో గీస్తూ
"మావయ్యా, గీత మందం ఎంత?" అంది.
గీతకి మందం ఉంటుందని అప్పటిదాకా తోచలేదు.
చీమ నడిచిన జాడంత, అన్నాను.
పాయింట్లలో చెప్పమంది.

గవర్నరుపేటలో సందులోపలి సందు, మీరావలి ప్రెస్సు.
శుభలేఖల కట్టల మీద కిరసనాయిలు వాసన.
మొదటి ప్రూఫు నల్లగా దిగింది,
ఏది రాసినా ఊచల వెనకనుంచి చూస్తున్నట్టే.
రెండోది మరీ పల్చన,
కళ్లజోడు తుడిచి తుడిచి వెతికాను.
"తెల్లారకముందు బ్యారేజీ నీళ్ల రంగు కావాలి" అన్నా.
మీరావలి నవ్వలేదు.
నీలంలో చిటికెడు బూడిదరంగు కలిపి
గోరు మీద రాసి చూపించాడు.
అదే.

మిషను దడదడలాడింది.
రెండు వందల షీట్లు దాటాయో లేదో
కరెంటు పోయింది.
మే నెల, మధ్యాహ్నం రెండున్నర.
అతను నా వంక చూశాడు.
ఆ ఫీడరు మాదే.
ఏ కుర్చీలోంచి ఎవరు లేచి ఏ స్విచ్చి దించారో
కళ్లకి కట్టినవాణ్ని, తల దించుకున్నా.

రోలర్ల మధ్య ఇరుక్కున్న కాయితం లాగి నా చేతికిచ్చాడు.
సగందాకా గళ్లు, ఆ తర్వాత ఏమీ లేదు,
ఊరు అయిపోయి పొలాలు మొదలైనట్టు.
ఆ రాత్రే దాని మీద కాకి సంగతి రాశాను.
గళ్లు ఆగిన చోట నేను ఆగలేదు.

టీ వచ్చింది. కరెంటు రాలేదు.
ఫోను వెలుగులో, తడి ఆరని షీటు మీద
మీరావలి పెన్ను పరీక్షించాడు,
కుడినుంచి ఎడమకి.
ఉర్దూ అక్షరాల కింది చుక్కలు
నేను ఒత్తుకని వదిలిన గడిలో
నారుమడిలో గింజల్లా సరిగ్గా పడ్డాయి.
"జాగా బాగా వదిలారు సార్."
ఏం రాశావని అడిగా.
"షాపు అద్దె. మూడు నెలల బాకీ."

ఇంటికొచ్చిన దస్తా బల్ల మీదే ఉంది పదకొండు రోజులు.
మొదటి పేజీ ముట్టుకోబుద్ధి కాలేదు,
అంతటి మాటేదీ నా దగ్గర లేదు.
పన్నెండో రోజు మా ఆవిడ దాని మీద పాల లెక్క రాసేసింది.
గురువారం లీటరున్నర.
శుక్రవారం నాగా.
ఆ 'శుక్ర' కింద క్రారవడి
ఎంత వెడల్పుగా, ఎంత తీరిగ్గా తిప్పిందో!
పెళ్లయి ముప్ఫై ఏళ్లు.
ఆవిడ చేతిరాత ఇట్లా ఉంటుందని
నాకెప్పుడూ చెప్పలేదు.